షెంగ్ చూడమన్న ఊరు

మా అన్నయ్యా వదినా ఆదివారం మధ్యాహ్నం సింగపూర్‌లో బస్సు దిగేసరికి అన్నయ్య జేబులో ఒక చీటీ ఉంది. ఇరుగుపొరుగు రాసిచ్చిన చీటీ. ఎదురింటావిడకి మోకాళ్ళ నొప్పుల తైలం రెండు సీసాలు, ఐస్ ఫ్యాక్టరీ ఆయనకి అనాస బిస్కెట్ల డబ్బా, ఎవరి మనవరాలికో సింహం బొమ్మ ఉన్న తాళంచెవుల గొలుసు. ఐదు రోజులు సింగపూర్ చూసొస్తామని చెప్పి బయల్దేరారు. పెళ్ళయిన ముప్పై మూడేళ్ళలో ఆ ఇద్దరూ సరదాగా గడప దాటింది లేదు, అందుకని వీధి వీధంతా సంబరపడి బస్సు దాకా వచ్చి సాగనంపిందట.

"చీటీ ఎందుకు తీసుకున్నావు అన్నయ్యా? బుద్ధుందా నీకు?" అన్నాను.

"తీసుకోకపోతే అనుమానం రాదూ?" అన్నాడు.

వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు కాయ్ షెంగ్‌ని శుక్రవారం తెల్లవారుజామున ఇక్కడి జైల్లో ఉరి తీస్తారు. వారం ముందు ఉత్తరం వచ్చింది. క్షమాభిక్ష లేదన్నారు. చివరి నాలుగు రోజులూ రోజూ వచ్చి చూసుకోవచ్చన్నారు. ఊళ్ళో అందరికీ వాడు సింగపూర్‌లో పెద్ద హోటల్లో వంటవాడు. తొమ్మిదేళ్ళుగా వాడికి సెలవు దొరకడం లేదు.

మాది మలేసియాలో, పేరాక్ సముద్రపొడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. అన్నయ్య బూన్ కియాట్ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. వదిన సియూ లెంగ్ చేపముద్దలు చేసి సంతలో అమ్ముతుంది. నేను సింగపూర్‌కి కోడలిగా వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. మా ఆయన పోయాక ఇక్కడ ఆంగ్ మో కియో పేటలో కాఫీ దుకాణం నేనే చూసుకుంటున్నాను. నా నోరు మంచిది కాదని ఆ చుట్టుపక్కల బ్లాకులన్నిటికీ తెలుసు.

షెంగ్ ఇరవై రెండేళ్ళప్పుడు సరిహద్దుకి అటుపక్క జొహోర్‌లో టైర్ల కొట్లో పనికి కుదిరాడు. నాకు ఫోన్ చేసి, "అత్తా, వంతెన దాటితే మీ ఊరే కదా, వస్తాను, అంతా చూపించు" అన్నాడు. దుకాణానికి మనిషి దొరకలేదు, వచ్చే నెల రా అన్నాను. ఆ నెల తిరక్కుండానే ఎవడో చేతిలో పెట్టిన మత్తుమందు పొట్లం బండి సీటు కింద దాచుకుని వంతెన దాటాడు. సరిహద్దు తనిఖీ దగ్గరే పట్టుకున్నారు. ఈ ఊరి నేల మీద వాడు సొంతంగా నడిచింది ఎంతో నాకు తెలియదు, నూరడుగులు ఉండవు. తొమ్మిదేళ్ళలో నేను వాణ్ణి చూడబోయింది మూడుసార్లు. దుకాణం వదిలి రాలేకపోతున్నానని అన్నయ్యకి చెప్పేదాన్ని. అబద్ధం. సిగ్గేసి వెళ్ళలేదు.

సోమవారం పొద్దున్న ముగ్గురం వెళ్ళాం. మధ్యలో అద్దం, ఇటు రెండు ఫోన్లు, అటొక ఫోను. ముప్పై ఒకటో ఏడు వచ్చిన మగాడు, నెత్తిన సగం వెంట్రుకలు తెల్లబడ్డాయి, నవ్వుతూ కూర్చున్నాడు. వదిన ఫోను చెవికి నొక్కుకుని, తిన్నావా, నిద్రపోయావా అని అవే రెండు ప్రశ్నలు తిప్పితిప్పి అడిగింది. అన్నయ్య ఫోను ముట్టుకోలేదు. అరెస్టయిన రోజు నుంచీ వాడితో మాట్లాడడు. ఏడాదికి మూడుసార్లు పన్నెండు గంటలు బస్సులో కూర్చుని వస్తాడు, వదిన పక్కన నిలబడతాడు, ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతాడు. అంత కోపం ఉన్నవాడు రావడం ఎందుకో, అంత ప్రేమ ఉన్నవాడు నోరు విప్పకపోవడం ఎందుకో నాకెన్నడూ అర్థం కాలేదు.

"ఈసారి ఐదు రోజులుంటారు కదా, ఊరు చూడండి" అన్నాడు షెంగ్.

"ఊరేంట్రా, మాకెందుకు ఊరు?" అంది వదిన.

"మీకు కాదమ్మా, నాకు. ఈ ఊరొచ్చి తొమ్మిదేళ్ళయింది. పైకెళ్ళాక ఎవరైనా అడుగుతారు, ఎక్కణ్ణించి వచ్చావు బాబూ అని. సింగపూర్ నుంచి అంటాను. అబ్బో, ఏం చూశావు అంటారు. గోడ చూశాను అని చెప్పనా?" అని తనే నవ్వాడు. "పొద్దున నా దగ్గరికి రండి. మధ్యాహ్నం తిరగండి. మర్నాడు వచ్చి చెప్పండి. అత్తా, నువ్వు చూపించు."

రెండో ఫోను నా చేతిలో ఉంది. సరేరా అన్నాను.

ఆ మధ్యాహ్నం నీళ్ళు కక్కే సింహం విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళాను. ఎండ మాడిపోతోంది. జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఫోటోలు దిగుతున్నారు. ఒక పిల్ల నోరు తెరిచి, సింహం నోట్లోంచి పడే నీళ్ళు తన నోట్లో పడుతున్నట్టు నిలబడితే వాళ్ళాయన నేల మీద పడుకుని మరీ ఫోటో తీస్తున్నాడు. వాళ్ళ నవ్వులు వింటుంటే చెంప పగలగొట్టాలనిపించింది. వాళ్ళు నాకేం చేశారు పాపం! వదిన గట్టు మీద కూర్చుని తన చెప్పులు చూసుకుంటూ ఉండిపోయింది. అన్నయ్య అక్కడున్న దుకాణంలో తాళంచెవుల గొలుసు కొన్నాడు. అరగంటలో ఇల్లు చేరాం.

మంగళవారం షెంగ్ అద్దానికి దగ్గరగా జరిగి కూర్చుని ఉన్నాడు. "ఊఁ, చెప్పండి."

"సింహం ఉందిరా. నీళ్ళు పడుతున్నాయి" అంది వదిన.

"ఎంత ఎత్తుంది?"

"ఎత్తుగానే ఉంది."

"వెనకవైపు ఎలా ఉంది? చేపతోక అంటారు కదా, పొలుసులు చెక్కారా?"

వదిన నా వైపు చూసింది. ఇరవై ఆరేళ్ళ నుంచి ఈ ఊళ్ళో ఉన్నదాన్ని, దాని వీపెలా ఉంటుందో నాకూ తెలియదు. వాడి మొహంలో నవ్వు పోయింది.

"అమ్మా, మీరు చూడలేదు. ఊరికే వెళ్ళొచ్చారు. నాకు ఇంకా ఎన్ని రోజులున్నాయి? అడిగింది ఒక్కటే కదా. అది కూడా చెయ్యరా?"

గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది. వదిన ఏడవలేదు. "లేచి నిలబడరా" అంది.

"ఎందుకు?"

"నిలబడు. అటు తిరుగు. ఇప్పుడు ఇటు. చేతులు పైకెత్తు."

జైలువాళ్ళు ముందే చెప్పారు. మంచి బట్టలు తెచ్చివ్వండి, అవి తొడిగి ఫోటోలు తీసి మీకిస్తాం అని. ఎంతో మర్యాదగా, మెల్లగా చెప్పారు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళుగా కొడుకుని ముట్టుకోని మనిషికి వాడి భుజాల కొలత ఎలా తెలుస్తుంది? వాడు బొమ్మలా తిరుగుతుంటే ఆవిడ అద్దానికి అరచేతులు ఆనించి జానలతో కొలుచుకుంది. పక్కన నిలబడ్డ గార్డు తల పక్కకి తిప్పుకున్నాడు.

లేత నీలం చొక్కా కొన్నాం. సైజు విషయంలో కొట్లో అన్నయ్యకీ వదినకీ గొడవయింది. "వాడు బక్కచిక్కాడు, మీడియం చాలు" అని అన్నయ్య. "నీకేం తెలుసయ్యా, వాడి మొహం చూస్తేగా నువ్వు? భుజాలు నీవే వచ్చాయి వాడికి, లార్జి తీసుకో" అని వదిన. ఆ మాటకి అన్నయ్య కిక్కురుమనకుండా లార్జి తీసుకున్నాడు.

అక్కణ్ణించి పూలతోటకి వెళ్దామంది వదినే. ఆవిడ ఈసారి వేరే మనిషి. తోటలో అడుగుపెట్టగానే చెప్పులు విడిచి గడ్డి మీద నడిచింది. "మెత్తగా లేదే, గరుగ్గా ఉంది. షెంగ్‌కి చెప్పాలి" అంది. చెరువులో రెండు హంసలుంటే, ఒకదాని కాలికి తొడుగు ఉందని కనిపెట్టింది. ఆర్కిడ్ పూలని వంగి వాసన చూసి, "ఏ వాసనా లేదు, పైన పటారం" అని పెదవి విరిచింది. ఒక పువ్వు రేకుని రెండు వేళ్ళతో పట్టుకుని చూస్తుంటే కాపలావాడు పరుగెత్తుకొచ్చి ముట్టుకోవద్దని కసిరాడు.

"ఆవిడ చూస్తోందయ్యా, తెంచడం లేదుగా! చూడ్డానికి కూడా మీ పర్మిషన్ కావాలా?" అని వాడి మీద విరుచుకుపడ్డాను. వాడు బిత్తరపోయాడు. పాపం, వాడు వాడి పని చేసుకుంటున్నాడు. ఆ రోజు నాకు యూనిఫారం కనపడితే చాలు, ఒంటికి కారం రాసినట్టుంది.

బుధవారం వదిన గంట సేపు చెప్పింది. గడ్డి, హంసకాలు, కాపలావాడి తిట్లు, నా తిట్లు, మెట్రోరైల్లో ఎదుటి సీట్లో ముసలాయన నోరు తెరిచి నిద్రపోతూ సరిగ్గా తన స్టేషన్ రాగానే లేచి దిగిపోవడం, చికెన్ రైస్‌లో అల్లం తక్కువ కావడం, అన్నీ. షెంగ్ కళ్ళు మూసుకుని విన్నాడు. మధ్యలో ఆపి అడిగేవాడు. "ఆ ముసలాయన షర్టు ఏం రంగు?" ఆవిడ దగ్గర జవాబుండేది. ఆవిడకి తెలియనిది ఒక్కటీ లేదు ఆ రోజు. వాడు కడుపుబ్బ నవ్వాడు. అన్నయ్య ఎప్పట్లాగే వెనక నిలబడ్డాడు. కానీ ఇంకో ఫోను తీసుకుని నేను వింటుంటే, మెల్లగా ఒంగి నా చెవి దగ్గర తన చెవి పెట్టాడు.

ఆ మధ్యాహ్నం పెద్ద చక్రం ఎక్కాం. గాజు గది ఒకటి మనల్ని ఎత్తుకుని పైకి తీసుకెళ్తుంది. కింద ఓడలు, సముద్రం మీద వందల ఓడలు, ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. అన్నయ్యకి ఓడలంటే ప్రాణం. గాజుకి ముక్కు ఆనించి, ఆ నల్లది నూనె ఓడ, ఇది పెట్టెల ఓడ అని వేలు పెట్టి చూపిస్తున్నాడు. మూడు రోజుల్లో మొదటిసారి హుషారుగా మాట్లాడాడు. వదిన మాత్రం తూర్పుకి తిరిగి నిలబడింది.

"జైలు ఎటువైపే?" అని అడిగింది నన్ను.

విమానాలు దిగుతున్న దిక్కు చూపించాను. ఆవిడ అటు చూస్తూనే ఉంది, చక్రం కిందికి వచ్చేదాకా. గదిలో మాతో ఉన్న కుర్రజంట ఫోటో తీసిపెట్టమని అడిగితే తీసింది. తిరిగి వాళ్ళే, "ఆంటీ, మీ ఇద్దరికీ తీస్తాం, నవ్వండి" అన్నారు. అన్నయ్యా వదినా పక్కపక్కన నిలబడ్డారు. నవ్వమంటే నవ్వారు కూడా. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. చూసినవాళ్ళెవరైనా, ఎంత ముచ్చటగా ఉన్నారో అంటారు.

గురువారం ఆఖరు. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు ఇచ్చారు. వెళ్ళగానే ఒక కవరిచ్చారు. నీలం చొక్కాలో షెంగ్. నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఒకటి. చొక్కా భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది. వదిన అది చూసి, "చూశావా లార్జే" అని అన్నయ్యతో అంది. అని, కవరుతో మొహం కప్పుకుంది.

ఆవిడ మాట్లాడే స్థితిలో లేదు. ఫోను అద్దం ముందు వేలాడుతోంది. అవతల షెంగ్ ఎదురుచూస్తున్నాడు. అన్నయ్య వెళ్ళి కుర్చీలో కూర్చుని ఫోను తీసుకున్నాడు. తొమ్మిదేళ్ళ తర్వాత కొడుకుతో మొదటిమాట ఏం మాట్లాడతాడా అని రెండో ఫోను చెవికి పెట్టుకున్నాను.

"ఇక్కడి కొత్త బస్సులకి ఇంజన్ లేదురా" అన్నాడు.

"ఇంజన్ లేకుండా ఎలా నడుస్తుంది నాన్నా?"

"కరెంటు మీద. అసలు చప్పుడే లేదు. పక్కన వచ్చి నిలబడ్డా తెలియదు. నేను డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని చూశాను. గేరు లేదు వాడికి. అరచెయ్యంత పెడల్ ఒకటి." ఇంజన్‌తో మొదలెట్టి ఓడల్లోకి వెళ్ళాడు. ఎన్ని ఓడలో, ఏ దేశం జెండాలో, లంగరు వేసిన ఓడ ఆటుపోట్లకి ఎలా తిరుగుతుందో, ఒక్కొక్కటీ. ఆగితే ఏమవుతుందోనని భయం. మా అన్నయ్య అంత మాట్లాడటం నేను పుట్టి ఎరగను. షెంగ్ ఇంకొక్క ప్రశ్న కూడా అడగలేదు, తండ్రి నోటివంకే చూస్తూ కూర్చున్నాడు. వాడి చెంపల మీంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

గంట కొట్టారు. వాడు లేచాడు.

"సముద్రపొడ్డు చూడలేదు మీరు. పక్షుల పార్కు కూడా. సగమే అయింది" అన్నాడు. "మిగిలినవి వచ్చేసారి..." అని నాలుక కరుచుకున్నాడు. తలుపు దాకా వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళాడు.

శుక్రవారం పొద్దున ఆరు గంటల సంగతి నేను చెప్పను. మా వంటింట్లో ముగ్గురం ఉన్నాం, అంతే.

పదింటికి అన్నయ్యా నేనూ జైలుకి వెళ్ళి సంతకాలు పెట్టాం. అంత్యక్రియలు చేయించే కోక్ అనే పెద్దాయన తన వ్యాన్ తెచ్చి షెంగ్‌ని వాళ్ళ షెడ్డుకి తీసుకొచ్చాడు. దహనం సాయంత్రం నాలుగింటికి. వదిన ఇంటి దగ్గరే ఉండిపోయింది. వచ్చేటప్పుడు బట్టలు తీసుకురా అని చెప్పాం. ఫోటోలకి తొడిగిన నీలం చొక్కా జైలువాళ్ళు ముందురోజే మడిచి తిరిగి ఇచ్చారు, అదే వేద్దామని అన్నయ్య అన్నాడు. నీలం శుభ్రంగా ఉంటుందని ఆ కోక్ కూడా అన్నాడు.

వదిన రెండింటికి టాక్సీలో వచ్చింది. చేతిలో కొత్త సంచి. అందులోంచి చొక్కా తీసి బల్ల మీద పెట్టింది. ఎర్రగా భగ్గుమంటోంది.

ఆ కోక్ ఒకడుగు వెనక్కి వేశాడు. మా చైనావాళ్ళలో పోయినవాళ్ళ ఒంటికి ఎరుపు తగలనివ్వరు. ఇంట్లో చావు జరిగితే గోడమీది ఎర్ర కాగితాల్ని కూడా కప్పేస్తాం. ఆయువు తీరకుండా పోయినవాళ్ళ విషయంలో మరీ భయం. ఎరుపు కట్టుకుని పోయిన మనిషి ఆత్మ శాంతించదనీ, పైలోకానికి పోకుండా పోయినచోటే తిరుగుతుంటుందనీ, అయినవాళ్ళని పట్టుకుంటుందనీ పసిపిల్లలకి కూడా తెలుసు.

"అమ్మా, పొరపాటున తెచ్చారేమో" అన్నాడు ఆ కోక్.

"పొరపాటు కాదు. నాలుగు షాపులు తిరిగి తెచ్చాను. ఇదే తొడగండి."

"నీకు పిచ్చి పట్టిందా?" అన్నయ్య సంచి లాక్కోబోయాడు. "ఎరుపేంటే? వాడి ప్రాణం ఇక్కడే తిరుగుతుంది, తెలీదా నీకు?"

"తిరగనీ."

"సియూ లెంగ్!"

"తిరగనీ అంటున్నానా? తొమ్మిదేళ్ళు ఒక్క గదిలో కూర్చోబెట్టారు. ఇంకా వాడికి విశ్రాంతి ఏంటయ్యా? శాంతి ఏంటి? వాడు సగం ఊరే విన్నాడు. చూసింది అసలు లేదు. తిరగనీ వీధి వీధీ. బస్సెక్కనీ. సముద్రపొడ్డుకి పోనీ. ఎవడు ఆపుతాడు ఇప్పుడు? ఏ కాపలావాడు ఆపుతాడో చూస్తాను నేను!"

ఆ గొంతుకి పక్క గదిలో శవపేటికలు తుడుస్తున్న మనిషి కూడా గుమ్మంలోకి వచ్చాడు. ఆ కోక్ చేతులు జోడించాడు. "నేను ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నానమ్మా. నా చేత్తో ఎరుపు తొడగలేను. మీ కుటుంబానికే మంచిది కాదు. పట్టుకుంటే ముందు మిమ్మల్నే పట్టుకుంటాడు."

"పట్టుకోనీ బాబూ" అంది వదిన, ఈసారి మెల్లగా. "ఈ తొమ్మిదేళ్ళూ అద్దం అవతల తప్ప నేను వాణ్ణి ఎరగను. పట్టుకోనీ."

అన్నయ్య చాలాసేపు ఆ చొక్కా వంక చూశాడు. తర్వాత దాన్ని తీసుకుని, ధరల చీటీ పళ్ళతో కొరికి పీకేసి, లోపలికి నడిచాడు. తండ్రి కొడుకు శవానికి సేవ చెయ్యకూడదు, అది ఇంకో తప్పు. ఆ కోక్ అడ్డం వెళ్ళబోతే నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

షెంగ్ స్టీలు బల్ల మీద తెల్లదుప్పటి కింద ఉన్నాడు. మెడ దాకా కప్పి ఉంచారు. అన్నయ్య దుప్పటి తీసి, ఎడమచెయ్యి ఎత్తి చొక్కా చేతిలో దూర్చాడు. వదిన వాడి తల కింద చెయ్యి వేసి లేపి పట్టుకుంది. వాడి జుట్టులో వేళ్ళు పెట్టి అలాగే ఉండిపోయింది. "చల్లగా ఉన్నాడే" అంది నాతో. అన్నయ్య కింది గుండీ నుంచి మొదలుపెట్టి పైకి వచ్చాడు. ఇంజన్ నూనె ఇంకిన ఆ మోటు వేళ్ళకి చిన్న గుండీలు అందడం లేదు. మెడ దగ్గరిది కాలర్ పైకి లాగి, మచ్చ కనపడకుండా పెట్టాడు.

"సముద్రపొడ్డుకి ముప్పై ఆరో నంబరు బస్సు" అన్నాడు వాడితో. "ముందు మీ అత్త ఇంటికి వెళ్ళు. దారి తెలియకపోతే అది చూపిస్తుంది."

"చూపిస్తాను" అన్నాను.

ఆ కోక్ గుమ్మంలోనే నిలబడి, నాలుగవుతోంది, వ్యాన్ సిద్ధంగా ఉంది అన్నాడు.